మొక్కు వేషానికి అడిగిన చీర

మా ఇంట్లో న్యూస్ పేపరు వేయించుకోం. దుడ్డు పెట్టి కొంటే పొద్దున చదివి సాయంత్రానికి మూలన పడేసే వస్తువు నాకెందుకు. ఊరగాయ సీసాలు చుట్టడానికి నేను వాడేది మా మనవరాలు బడి నుంచి తెచ్చే టెస్టు పేపర్లు. అది ప్రైవేటు బడిలో ఆరో తరగతికి తెలుగు చెప్తాది. పిల్లకాయలు రాసినవి ఇంటికి తెచ్చి ఎర్ర పెన్నుతో దిద్ది మార్కులు ఎక్కించుకున్నాక ఆ పేపర్లతో దానికి పని ఉండదు. నాకు ఉంటాది.

అది నా కూతురు బిడ్డ. దాని అమ్మా నాయనా పలమనేరు పక్క పల్లెలో టమోటా సేద్యం చేసుకుంటా ఉండారు. చదువుకని చిన్నప్పుడే తిరుపతికి నా తావకు వచ్చింది. చదువు అయిపోయినా నా తావనే నిలిచిపోయింది. పెండ్లి సంగతి గూడా నా నెత్తినే పెట్టినారు. "నువ్వు చూసి చెప్పత్తా, మేం వచ్చి అక్షింతలు వేస్తాం" అన్నాడు నా అల్లుడు. అంత సులభంగా అనేసి టమోటా లారీ వెనక పోయినాడు.

నాది నిమ్మకాయ ఊరగాయ. గూడూరు నుంచి బస్తా వస్తే కోసి, ఉప్పేసి, మిద్దె మీద ఎండపెట్టి, సీసాలకు ఎత్తి అమ్ముతాను. మా సందు చివర బాడుగ ఇంట్లో పూలు కట్టే ఆమె ఒకతె ఉండాది. పుట్టింది తిరుపతిలోనే. సత్యవేడు పక్క పల్లెకు ఇచ్చినారు. మొగుడు పోయినాక మళ్లీ ఈ ఊరికే వచ్చింది. ఒక్కడే కొడుకు, మిలిటరీలో ఉండాడు. ఆమె ఒకరోజు కనకాంబరాల తట్ట నెత్తిన పెట్టుకొని మా వాకిట్లో నిలబడింది.

"అక్కా, రెండు సీసాలు నా కొడుక్కు పంపాల. మంచు కొండ మీద ఏసినారు. ఆడ అన్నం నోటికి పోదంట."

"దారిలో సీసా పగిలితే నన్ను అడగొద్దు" అన్నాను.

"నిన్ను అడిగే ధైర్యం ఎవరికుండాదిలే అక్కా" అని నగింది.

పగిలితే ఆమెకే నష్టం. అయినా నా పని నేను సరిగ్గా చేస్తాను. మూత చుట్టూ మైనం పోసి, ఒక్కో సీసాకు మందంగా పేపర్లు చుట్టి, పైన పాత చీర గుడ్డ వేసి కుట్టినాను. అడ్రసు మా మనవరాలు రాసింది.

చాలా దినాల తర్వాత మా ఇంటికి ఒక జాబు వచ్చింది. కవరు మీద "ఊరగాయ పంపిన ఇంట్లో టీచరు గారికి" అని ఉండాది. లోపల మేం చుట్టిన టెస్టు పేపరే. మీ ఊరి గురించి పది వాక్యాలు రాయమంటే ఎవడో పిల్లోడు రెండు రాసి వదిలేసినాడు. దాని కింద మా మనవరాలు "మిగతావి ఎక్కడ?" అని ఎర్రగా రాసింది. పేపరు వెనక ఖాళీగా ఉన్న పక్కన ఆ సిపాయి మిగతావి రాసి పంపినాడు. వాళ్ల పల్లెలో సగం మాటలు తెలుగంట, సగం అరవమంట. వాళ్ల నాయన తిట్టేది అరవంలో, అమ్మ ఊరుకోబెట్టేది తెలుగులో అంట. మధ్యలో రెండు వాక్యాలు ఆ కొండ మీది చలి గురించి. చివరన, "దయచేసి దిద్ది మార్కులు వేసేది" అని ఉండాది.

కొత్త పేపరు చించకుండా అదే పేపరు వెనక రాసినాడు. ఆ గుణం ఒకటి నాకు నచ్చింది.

మా మనవరాలు నగతా నగతా పదికి ఏడు వేసింది. "చలి గురించి ఎవరూ అడగలేదు, ఊరి గురించే రాయాలి" అని పక్కన రాసింది. రాసి కవరులో పెట్టబోయింది.

"ఎవరికది?"

"దిద్దిన పేపరు రాసినోళ్లకు ఇయ్యాల కదవ్వా."

"స్టాంపు ఎవరు కొంటారు?"

"నేనే."

"సరే. కానీ నా ముందర చదవని జాబు ఈ ఇంట్లో ఉండగూడదు" అన్నాను. దానికి ఒప్పుకుంది.

అట్ల మొదలయింది. అది టెస్టులో ఇచ్చే ప్రశ్నలే రాసి పంపేది, ఆయప్ప జవాబులు రాసి పంపేవాడు. నీకు నచ్చిన చెట్టు గురించి రాయి అంటే, ఈడ చెట్టే లేదు, మా పెరట్లో మునగచెట్టును గుర్తుపెట్టుకొని రాస్తా ఉండానని రాసినాడు. ఆయప్ప ఉండే తావ సిగ్నలు లేదు, ఫోను ఎత్తదు. వాళ్లమ్మతో మాట్లాడాలన్నా మిలిటరీ ఫోను కాడ తన వరస వచ్చేదాకా కాచుకోవాల. కిందికి దిగినప్పుడు ఫోను ఎత్తుతాది కదా, చేసుకుంటారేమో అని నేను కాపు కాసినాను. చేసుకోలా. ఎందుకని అడిగితే, "ఫోన్లో ఏం మాట్లాడాలో తెలీదవ్వా. జాబులో అయితే దిద్దేదానికి ఉంటాది" అనింది మా మనవరాలు. అది నిజమో, నాకు భయపడి చెప్పిందో తెలీదు.

నేను కత్తిపీట ముందర కూర్చొని నిమ్మకాయలు కోస్తా ఉంటే అది గోడకానుకొని చదివేది. ఒకరోజు చదువుతా చదువుతా ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"మధ్యలో వదిలినావు" అన్నాను.

"లేదవ్వా."

"నీ కన్ను కిందికి పోయింది, నోరు పోలా. చదువు."

దాని మొహం ఎర్రబడింది. చదివింది. "ఈడ యాడ చూసినా తెలుపే. మీ ఎర్ర పెన్ను గీత చూసేదానికే కవరు తెరుస్తాను. తప్పులు లేకుండా రాసే పని ఇంక పెట్టుకోను."

నేను ఇంకో నిమ్మకాయ తీసుకున్నాను.  ఆ సాయంత్రం పూలామె ఇంటికి పోయి వాళ్లు ఏమోళ్లో, ఎవరెవరితో ఇచ్చిపుచ్చుకుంటారో కనుక్కొని వచ్చినాను. మాతో కలిసేవాళ్లే. అది తెలుసుకున్నాక నిమ్మళం రావాల్సింది పోయి, ఎక్కువ గాబరా అయింది.

ఆయప్ప సెలవుకు వస్తా ఉండాడని తెలిసి మనవరాలిని పలమనేరుకు బస్సెక్కించినాను. అడగాల్సినోళ్లు అడక్కుండా ఇద్దరూ ఎదురుపడేది నాకు ఇష్టం లేదు. ఇప్పటికీ అది సరైన పనే అంటాను. ఆయప్ప మా ఇంటికి వచ్చినాడు, ఉత్త చేతులతో కాదు. మేం పంపిన ఊరగాయ సీసాలన్నీ మూతలతో సహా కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకొని అంత దూరం నుంచి మోసుకొచ్చినాడు. మూత ఒకటి సొట్టపోయింటే దాన్ని గూడా పారేయలేదు.

"మళ్లీ పనికొస్తాయని తెచ్చినానవ్వా" అన్నాడు.

నిలబెట్టే మజ్జిగ ఇచ్చినాను. మంచి ఎత్తరి. తాగతా ఉన్నంతసేపూ మూలన పేపర్ల సంచి మీదనే చూపు. దాని గురించి ఒక్క మాట అడగలా. నేనూ చెప్పలా. పోయేటప్పుడు లోటా తనే కడిగి బోర్లించి పోయినాడు.

సెలవు అయినాక మళ్లీ కొండకే పంపినారు. అప్పుడే ఆ జాబు వచ్చింది.

"గంగమ్మకు మొక్కుకున్నాను" అని రాసినాడు. "కాళ్లు చేతులతో దిగి వస్తే జాతరకు ఆడవేషం కడతాను. మా అమ్మ పొట్టి మనిషి, ఆమె చీర నాకు మోకాలి దాకా వస్తాది. మీ చీర ఒకటి ఇప్పిస్తారా?"

మా మనవరాలు మొదట పడీపడీ నగింది. తర్వాత జాబు మళ్లీ మొదటి నుంచి చదివింది.

తిరుపతిలో పుట్టి పెరిగినోళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మే నెలలో గంగమ్మ జాతరకు మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, గాజులు తొడిగి, పూలు పెట్టుకొని గుడికి పోతారు. కాటుక పెట్టేది, కుచ్చెళ్లు సర్దేది ఇంట్లో ఆడవాళ్లే. చీర గూడా ఇంటిదే. తల్లిదో, తోబుట్టువుదో, పెండ్లాందో. మా సందులో ఇన్నేండ్లుగా చూస్తా ఉండాను, సంబంధం లేని ఆడపిల్ల చీర కట్టి వేషమేసినోడు లేడు.

"చీర వెడల్పు ఎవరిదైనా ఒకటే. అడిగింది చీరేనా?" అన్నాను.

"కాదవ్వా" అనింది. తల ఎత్తలా.

"దీన్ని అడగాల్సింది వాళ్లమ్మ. అడగాల్సింది నన్ను. మా ఇంటి చీరలు బయటికి పోవు అని రాయి."

"అంతేనా రాసేది?"

"అంతే."

అట్లనే రాసింది. ఎర్ర పెన్ను తీయలా, నీలం పెన్నుతో రాసింది. మార్కులు వేయలా.

ఆ జాబు పోయినాక జవాబు రాలా. ఒక నెల గడిచింది. పండగ వచ్చి పోయింది. ఎండలు ముదిరినాయి. పోస్టుమ్యాన్ బండి సందులో తిరిగిందంటే నేను నిమ్మకాయ చేతిలో పట్టుకొనే గడప దాకా పోయేదాన్ని. కరెంటు బిల్లో, పక్కింటి ఆయప్ప పింఛను కాగితమో తెచ్చేవాడు. "మీకేం లేదవ్వా" అని అడక్కముందే చెప్పేవాడు. అడగందే చెప్పినందుకు వాడి మీద కోపమొచ్చేది.

మనవరాలు ఏమీ అనేది కాదు. అదే నాకు కష్టం. నువ్వు వద్దన్నందుకే మానేసినాడని మొహం మీద అనింటే నాలుగు తిట్టి ఉండేదాన్ని. అది పొద్దున్నే బడికి పోయేది, వచ్చేది, పేపర్లు దిద్దేది. నాకే కూర్చుంటే లేవాలని, లేస్తే యాడికి పోవాల్నో తెలీక. ఒకరోజు మిద్దె మీద నుంచి దిగి వస్తే ఎవరూ లేని రూములో ఫ్యాను తిరగతా ఉండాది. దాన్ని కేకలేద్దామని నోరు తెరిచినాను. అది బడిలో ఉండాది. ఫ్యాను వేసింది నేనే. నా ఇంట్లో అట్లాంటిది ఎప్పుడూ జరగలా.

పూలామె ఇంటికి పోయినాను. సీసాలు ఏమైనా కావాల్నా అని వంక పెట్టుకొని.

"కొడుకు ఫోను చేస్తా ఉండాడా?"

"చేసినాడక్కా. బాగుండాడు" అనింది. దారం మీది నుంచి కన్ను ఎత్తలా. ఎప్పుడూ కొడుకు మాట ఎత్తితే పూలు పక్కన పెట్టి చేతులు తిప్పి చెప్పే మనిషి. బాగుండాడంటే మరి జాబు ఎందుకు రాయడని నేను అడగలేను. ఇంటికి వచ్చేసినాను.

ఆ కాలంలోనే చిత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. బెల్లం మండీ వాళ్లు. పిల్లోడు నెమ్మది, చెడు తిరుగుళ్లు లేవు. పిల్లను చిత్తూరులో వాళ్ల చుట్టాలింటికి తీసుకొస్తే చూసి మాట్లాడుకుందాం అన్నారు. వంక పెట్టడానికి నాకు ఏమీ దొరకలా. మనవరాలికి చెప్పినాను.

"జాతర దాకా ఆగవ్వా" అనింది. "మొక్కు ఉండాది కదా, కొండ దిగి ఉంటే వస్తాడు. జాతరకు గూడా రాకపోతే నువ్వు ఎట్ల చెప్తే అట్ల. ఆ చిత్తూరుకే పోతాను. ఒక్క మాట గూడా అనను."

చిత్తూరు వాళ్లు ఒకసారి ఫోను చేసినారు. ఎండలు తగ్గనీండి అన్నాను. ఇంకోసారి చేసి, "ఏమ్మా, మీ ఎండలు మాకంటే ఎక్కువా?" అని ఎగసక్కెంగా అడిగినారు. అప్పటికి జాతర చాటింపు పడింది. చాటింపు పడినాక జాతర ముగిసేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటగూడదని మా పెద్దలు పెట్టిన కట్టు. ఈ కాలంలో ఎవరు పాటిస్తా ఉండారు? మా సందులోనే పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లు ఎంతోమంది. నేను ఫోనులో గట్టిగా చెప్పినాను. "చాటింపు పడింది. జాతర అయ్యేదాకా మేం ఊరు దాటం. మాకు ఆచారం."

అబద్ధం కాదు అది. మనవరాలు తలుపు కాడ నిలబడి విన్నది. ఆ పూట అడక్కుండానే రెండోసారి అన్నం పెట్టుకుంది.

జాతర మొదలయింది. సందంతా డప్పులు, పసుపు నీళ్లు, వేపాకు. మొహానికి రంగు పూసుకున్న మగపిల్లకాయలు తిరగతా ఉండారు. వేషం ఒకటి మా వాకిలి దాటి పోయినప్పుడంతా మనవరాలు లోపల నుంచి వచ్చి చూసి మళ్లీ లోపలికి పోతా ఉండాది. నేను చూడనట్లే ఉండినాను. జాతర సగం దాటింది. ఇంక నాకే ఓపిక లేక, ఏమైతే అది కానీ, చిత్తూరుకు ఫోను చేసి ఒక మాట చెప్పేద్దామని కళ్లద్దాలు వెతుక్కుంటా ఉంటే పూలామె వచ్చింది. తట్ట లేదు. గడప పట్టుకొని నిలబడింది.

"అక్కా, వాడు వచ్చి దినాలయింది. ఇంట్లోనే ఉండాడు. బయటికి రాడు."

"ఎందుకు?"

"కుడి చేతి వేళ్లు రెండు మంచుకు నల్లబడితే కొసలు తీసేసినారు. ఆస్పత్రిలో పెట్టుకొని ఇప్పుడు పంపినారు. ఇంక ఆ కొండ ఎక్కనీరంట, కింద స్టోరులో పని ఇస్తారంట. ఈ ఇంట్లో చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. అందుకే మొన్న నీతో అట్ల అనింది."

లోపల రోటి చప్పుడు ఆగిపోయింది.

"వేషం కట్టమంటే కట్టనంటాడు" అని పూలామె కొంగుతో మొహం తుడుచుకుంది. "కాళ్లు చేతులతో వస్తే కదా మొక్కింది, చెయ్యి పూర్తిగా రాలేదు కదా, మొక్కు చెల్లదు అంటాడు. నాకేం తెలుసక్కా చెల్లేదీ చెల్లంది. చీర అడిగితే ఈ ఇంట్లో లేదన్నారు, ఇంక రాసేదానికి చెయ్యి గూడా లేదు, వాళ్ల జోలికి పోవద్దు అంటాడు."

నాకు కోపమొచ్చింది. అన్ని దినాలు మమ్మల్ని గడపలో నిలబెట్టినందుకు.

"మొక్కింది మనిషి తిరిగి రావాలని. వచ్చినాడు కదా. రెండు వేళ్ల కొసలకు గంగమ్మతో పేచీ పెట్టుకోవద్దని చెప్పు. పో, పిలుచుకొని రా. కట్టేది ఈడనే."

ఆమె కదలలా. "అక్కా, చీర నేను అడగొచ్చా?"

"అడగాల్సింది నువ్వే."

"మీ పిల్ల చీర ఇయ్యి. నా కొడుక్కు."

"కూర్చో, ముందు నీళ్లు తాగు" అన్నాను. 

పెట్టె తెరిచినాను. మా మనవరాలు మొదటి జీతంతో కొనుక్కున్న పట్టుచీర ఒకటి ఉండాది. ఆకుపచ్చది, ఎర్ర అంచు. మంచి పనికి కట్టుకుందువులే అని నేనే బీగమేసి పెట్టినాను. ఒక్కసారీ కట్టనీయలా. దాన్ని తీస్తే మనవరాలు పరిగెత్తి వచ్చింది.

"అది వద్దవ్వా. కొత్తది. జాతరలో పసుపు నీళ్లు పోస్తారు, కుంకుమ చల్లుతారు. మరక పడితే పోదు."

"పోకపోతే ఉండనీ" అన్నాను.

అది నా మొహం చూసింది. పూలామె గూడా చూసింది. నా నోట్లో నుంచి అట్లాంటి మాట ఇద్దరూ ఎప్పుడూ విని ఉండరు.

ఆయప్ప వచ్చినాడు. కుడి చేతికి తువ్వాలు చుట్టుకొని, తల వంచుకొని. పోయినసారి కంటే చిక్కినాడు. నేను స్టూలు వేసుకొని ఎక్కి కట్టడం మొదలుపెట్టినాను. చీర చాలలా. చీలమండలు పైకి కనబడతా ఉండాయి.

"నీకు తువ్వాలు ఎందుకు? తీసేయి. వేషానికి గాజులు తొడగాల" అన్నాను. కాసేపు తీయలా. తర్వాత తీసినాడు. నేను చూసినాను. వేళ్ల కొసలు మొండిగా ఉండాయి, అంతే. గాజులు ఎక్కించింది వాళ్లమ్మ.

మా మనవరాలు వంటింటి గడపలో నిలబడి ఉండాది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. ఒకరు చీరలో, ఇంకొకరు పిండి చేతులతో.

"జవాబు పేపరు ఇంకా రాలేదు" అనింది అది.

ఆయప్ప నేల చూసినాడు. "ఎడమ చేత్తో రాసినాను. మీరు దిద్దేటట్లు లేదు. పంపలేదు."

"యాడుండాది?"

విడిచిపెట్టిన చొక్కా వైపు చూసినాడు. అది చేతులు తుడుచుకొని పోయి జేబులో నుంచి తీసింది. అక్షరాలు ఒకటో తరగతి పిల్లకాయల మాదిరి, ఒకటి కొండెక్కితే ఒకటి గుంతలో ఉండాది. అది నిలబడే చదివింది. నాకు వినిపించమని నేను అడగలా. అప్పటిదాకా వచ్చినవాటిల్లో నేను విననిది అదొక్కటే.

"దస్తూరికి మార్కులు తీసేయను" అనింది.

"ఎన్ని వేస్తారు?"

"కదలొద్దు, కుచ్చెళ్లు జారతాయి" అన్నాను నేను. నిజంగానే జారతా ఉండాయి.

బయటికి వచ్చేసరికి పక్కింటి ఆమె చెంపకు చెయ్యి పెట్టుకొని నిలబడి, "ఎవరక్కా ఈ కొత్త పెండ్లికూతురు? ఇంత పొడుగు!" అనింది. సందంతా నగింది. ఆయప్ప గూడా తల వంచుకొనే నగినాడు.

"మా ఇంటి మనిషి" అన్నాను.

సందు మలుపు దాకా డప్పు వెనకే పోయినాను. చీర మీద ఎవరో మొదటి చెంబు పసుపు నీళ్లు కుమ్మరించినారు. నా ప్రాణం చివుక్కుమనింది, అయినా నోరెత్తలా. జాతర ముగిసినాక చిత్తూరు వాళ్లకు ఫోను చేసి, మాకు ఈడనే కుదిరిందని చెప్పినాను. అల్లుడు టమోటా లారీ దిగి వచ్చి తల ఊపినాడు. వచ్చే సెలవుకు ముహూర్తం.

చీరకు ఆ మరక పోలా. కుంకుడుకాయ రసంలో నానబెట్టి నేనే ఉతికినాను. మళ్లీ పెట్టెలో పెట్టబోతే మనవరాలు లాక్కొని తన బీరువాలో పెట్టుకుంది.

ఇప్పుడు ఆయప్ప పనిచేసే తావ ఫోను ఎత్తుతాది. అయినా జాబులే రాస్తాడు, ఎడమ చేత్తో. పోస్టుమ్యాన్ బండి చప్పుడు వింటే నేను ఇప్పటికీ కత్తిపీట వదిలి లేస్తాను. మనవరాలు ఇంతకు ముందు మాదిరి నా ముందర చదవదు. అడిగితే, "దిద్దినాక చెప్తాలేవ్వా" అంటాది. టెస్టు పేపర్లు గూడా ఇప్పుడు నాకు ఇయ్యదు, ఒక్కటీ పారేయకుండా దాచి పెట్టుకుంటా ఉండాది. సీసాలు చుట్టడానికి పక్కింట్లో పాత న్యూస్ పేపర్లు అడిగి తెచ్చుకుంటా ఉండాను.